పితుకుట అను మాటకు పుట్టిల్లు

మాటల పుట్టుపూర్వోత్తరములు చెప్పుట మన పాఠశాలలలో ఉపాధ్యాయునకు ఒక వేడుక, విద్యార్థికి మరియొక వేడుక. వ్యాకరణ సూత్రము చెప్పునప్పుడు ఆవులించు పిల్లవాడు సైతము, ఫలాని మాట ఎక్కడినుండి వచ్చినదో తెలియునా అని అడుగగానే తల యెత్తి చూచును. ఆ తల యెత్తిన క్షణము విలువైనది. ఆ క్షణమున మనము వానికి ఏమి యిచ్చుచున్నామన్నదే నా ప్రశ్న. నిజము నిచ్చుచున్నామా? నిజమువలె తోచు కట్టుకథ నిచ్చుచున్నామా?

నా అభిప్రాయమును మొదటనే చెప్పివేసెదను. ఒక మాట పుట్టుకను గూర్చిన కథ అందముగా నున్నంత మాత్రమున అది నిజము కాదు. రెండు మాటలు ఒకే తీరుగా వినబడినంత మాత్రమున అవి చుట్టములు కావు. చుట్టరికమునకు సాక్ష్యము కావలెను; సాక్ష్యము చాలనప్పుడు చాలదని చెప్పు ధైర్యము కావలెను. ఈ సంగతిని చూపుటకు లాటిను భాషలోని ఒక చిన్న క్రియను సాక్షిగా పిలుచుచున్నాను. ఆ క్రియ ముల్గేరె. దాని అర్థము పాలు పితుకుట. అది రాజుల మాట కాదు, వేదాంతుల మాటయు కాదు. మందలో మేక వెనుక గొంతుకు కూర్చుండినవాని మాట. అయినను దాని వెంట నాలుగడుగులు నడచినచో శబ్దశాస్త్రమునకు గల బలమును, దానికి గల హద్దును కూడ కంటికి కనబడును.

లాటినులో 'నేను పితుకుచున్నాను' అనుటకు ముల్గెఓ అందురు. 'పితికితిని' అనుటకు ముల్సీ అందురు. పాలు పితుకు చెంబునకు ముల్క్త్ర అని పేరు. రోమను రైతులు ఆవును ముఖ్యముగా దుక్కి యెద్దుల తల్లిగా చూచిరి గాని పాలకుండగా చూడలేదు. వారు పితికినది ఎక్కువగా గొఱ్ఱెలను, మేకలను. ఆ పాలను తోడుబెట్టి త్రాగుటకంటె గడ్డకట్టించి జున్నువంటి ముద్దలుగా చేసి నిలువ యుంచుకొనుటయే వారికి వాడుక. కొలుమెల్లా వ్యవసాయ గ్రంథములో ఈ ముద్దలను చేయు విధానము వివరముగా నున్నది. వెన్నను మాత్రము వారు పరదేశపు మోటువారి తిండిగా భావించిరి. కావున ముల్గేరె అను మాట వినగానే మనకు తోచు కవ్వము, చల్ల, వెన్నముద్ద రోమను పిల్లవాని కంటికి తోచియుండవు. మాటకు అర్థము నిఘంటువులో ఒక పంక్తి. దాని వెనుక నున్న బ్రతుకు ఒక పుట.

ఈ క్రియకు సామెతలలో కూడ చోటు దొరికినది. వర్జిలు మహాకవి తన మూడవ గోపగీతికలో, చెడ్డ కవిత్వమును మెచ్చువాడు మేకపోతును పితుకువానితో సమానుడని ఒక గొల్లవాని చేత ఎగతాళి చేయించెను. క్రీ.శ. 2వ శతాబ్దపు లూషియను అను గ్రీకు రచయిత దెమొనాక్సు అను తత్త్వవేత్త జీవితమును వ్రాయుచు, ఇద్దరు పండితుల అర్థములేని వాదమును విని ఆయన చెప్పిన మాట నొకదానిని పేర్కొనెను: ఒకడు మేకపోతును పితుకుచున్నాడట, రెండవవాడు క్రింద జల్లెడ పట్టుచున్నాడట. జర్మను తత్త్వవేత్త కాంటు 1781లో ప్రకటించిన తన మహాగ్రంథములో దీనినే వాడుకొని, తప్పుడు ప్రశ్న అడిగినచో జాగ్రత్తలేక వినువాడు తెలివిమాలిన సమాధానము చెప్పునని హెచ్చరించెను. మనవారు ఎద్దు ఈనినదనగా దూడను గాట కట్టమన్నట్లు అందురు. ఆ మేకపోతునకును ఈ యెద్దునకును శబ్దసంబంధ మేమియు లేదు. రెండు జాతులు వేర్వేరుగా పశువులతో బ్రతికినవి, వేర్వేరుగానే నవ్వినవి. పోలికలన్నియు చుట్టరికములు కావనుటకు ఇది మొదటి పాఠము.

ఇక చుట్టరికము నిజముగా నున్న చోటికి పోవుదము. పితుకుటకు గ్రీకులో అమెల్గో అందురు. జర్మనులో మెల్కెన్. ఇంగ్లీషులో మిల్క్. లిథువేనియనులో నేను పితుకుదును అనుటకు మెల్జు. అల్బేనియనులో మ్యెల్. ప్రాచీన ఐరిషు భాషలోను ఈ ధాతువే కలదు. అంతేకాదు, మధ్య ఆసియాలో తారిము నది పరిసరములందలి ఇసుకలో పాతుకొనిపోయి 20వ శతాబ్దారంభమున బయటపడిన తొఖారియను వ్రాతప్రతులలో కూడ మాల్క్ అను ధాతువు పాలు పితుకుట అను అర్థమున దొరికినది. ఐర్లండు మొదలు చైనా సరిహద్దు వరకు ఒకే ధాతువు, ఒకే పని. ఇది యాదృచ్ఛికమైన పోలిక అనుటకు వీలులేదు.

వీలులేదని మనకెట్లు తెలియును? పోలిక వలన కాదు; నియమము వలన. లాటిను మాటలో గ కారమున్న చోట ఇంగ్లీషు, జర్మను మాటలలో క కారమున్నది. ఇది ఈ ఒక్క మాటలోనే జరిగియుండినచో మనము నమ్మనవసరము లేదు. కాని లాటిను జెనుస్, పూర్వపు ఉచ్చారణలో గెనుస్, అనగా వంశము, ఇంగ్లీషులో కిన్. లాటిను అగెర్, అనగా పొలము. ఇంగ్లీషులో ఏకర్, మనము ఎకరము అనునది అదియే. లాటిను యుగుమ్, అనగా కాడి, ఇంగ్లీషులో యోక్. లాటిను గెను, అనగా మోకాలు. ఇంగ్లీషులో నీ, దాని వ్రాతలో మొదటి క కారము నేటికిని మూగగా నిలిచియున్నది. సంస్కృతమున వీనికి దీటుగా జనస్, అజ్ర, యుగ, జాను అను మాటలు కలవు. జర్మనీ దేశపు యాకబు గ్రిమ్ము 1822లో ఈ మార్పుల వరుసను ప్రకటించెను. ముల్గేరెకును మిల్క్‌కును గల బంధమునకు పూచీ ఆ వరుసయే గాని మన చెవి కాదు.

చెవిని నమ్మినచో ఏమి జరుగునో లాటిను భాషయే చూపగలదు. ఆ భాషలో ముల్కేరె అను మరియొక క్రియ కలదు. దాని అర్థము మెల్లగా నిమురుట, బుజ్జగించుట. పాలు పితుకువాడు ముందుగా పొదుగును నిమిరి, ఆవును బుజ్జగించి చేపునకు తెచ్చును గదా! పైగా భూతకాలములో ఈ రెండు క్రియలకును ముల్సీ అను రూప మొక్కటే. ఇంతకంటె చక్కని జోడు దొరుకునా? అయినను ఇవి రెండును ఒకే ధాతువునుండి పుట్టినవని పండితులు అంగీకరింపరు. ఒకదాని మూలమందు గ, రెండవదాని మూలమందు క. భూతకాలపు స కారము ముందు ఆ భేదము మాసిపోయినది, అంతే. ఒకే రంగు చొక్కాలు తొడుగుకొన్న ఇద్దరిని అన్నదమ్ములనుటవంటిది ఆ వాదము.

మన భాషలోనే చూడుడు. పాలు అనగా క్షీరము; పాలు అనగా వాటా. పాలివారు అనగా దాయాదులు. ఒక తల్లి పాలు త్రాగిన వంశమువారు గనుక పాలివారైరని ఎవరైనను చెప్పినచో తరగతి యంతయు తల యూచును. కాని వారు వాటా గలవారు గనుక పాలివారు. అందమైన కథ ఓడిపోయి, ఆస్తి తగవు నెగ్గినది.

ముల్గేరె కథలో మన దేశమునకు సంబంధించిన ఘట్ట మొకటి కలదు. సంస్కృతమున మృజ్ అను ధాతువున్నది. తుడుచుట, రుద్దుట, శుభ్రము చేయుట దాని అర్థములు. మార్జనము, సమ్మార్జని అనునవి దానినుండి వచ్చినవే. తన్ను తాను నాకికొని శుభ్రపఱచుకొను పిల్లికి మార్జాలమను పేరును దానినుండియే చెప్పుదురు. ఈ మృజ్ ధాతువును ముల్గేరెకు తోబుట్టువని చాలమంది పూర్వపండితులు చెప్పిరి. రుద్దుట మొదటి అర్థమట. చన్నును రుద్ది పాలు తీయుట దానినుండి పుట్టిన అర్థమట. ధ్వనులు అడ్డు చెప్పవు. లాటిను గ కారమునకు సంస్కృత జ కారము సరియైన జోడియే. ర కార ల కారముల చిక్కు లేదు. రలలకు భేదము లేదని మన శాస్త్రకారులే చెప్పియున్నారు. మూలభాషలోని ల కారము సంస్కృతమున ర కారమగుట తరచుగా జరిగినదే.

అయితే ఇక్కడనే జాగ్రత్త పడవలెను. ర కారము రెండు మూలములనుండి రాగలిగినప్పుడు, ఈ మాటలోని ర కారము ఏ మూలమునుండి వచ్చినది? గ్రీకు భాషలో ఒమోర్గ్నుమి అను క్రియ కలదు. దాని అర్థము తుడుచుట. అందులో ర కారమే యున్నది. సంస్కృతమందలి తుడుచుటకు గ్రీకులోని తుడుచుట అర్థముచేతను, ధ్వనిచేతను సూటిగా సరిపోవుచుండగా, దానిని విడిచి పితుకుట వైపు దూకుట ఎందులకు? కావున ఇటీవలి పండితులలో పలువురు మృజ్ ధాతువును ఒమోర్గ్నుమితో జతపఱచి, ముల్గేరెను అమెల్గోతో వేరుగా నుంచిరి. పాత వాదమును విడువనివారును కొందరున్నారు. తీర్పు చెప్పవలసినచో నేను కొత్తవారి పక్షము. కాని తరగతిలో చెప్పునప్పుడు రెండు పక్షములను వాని కారణములతో చెప్పుట న్యాయమందును. విద్యార్థికి తీర్పుకంటె వాదము నేర్పుట మేలు.

సంస్కృతమున పాలు పితుకుటకు వాడు ధాతువు దుహ్. దుగ్ధము అనగా పితుకబడినది. ఇంగ్లీషులో మిల్క్ అను నామము కూడ క్రియనుండియే పుట్టినది; అదియు పితుకబడినదియే. రెండు భాషలు వేర్వేరు ధాతువులు పట్టుకొని ఒకే ఆలోచన చేసినవి. రష్యను భాషలో ముల్గేరె బంధువైన మొలొజివొ అను మాటకు జున్నుపాలని అర్థము; ఈనిన వెంటనే పితుకు మొదటి పాలకు మాత్రము ఆ పాతధాతువు మిగిలినది. లాటినులో పాలకు లాక్ అను వేరే పేరున్నది; గ్రీకులో గాల. ఆకాశమందలి పాలపుంతను పాశ్చాత్యులు గెలాక్సీ అనుట ఈ గాల శబ్దమునుబట్టియే.

దుహ్ ధాతువు పేరు చెప్పగానే మన ఉపాధ్యాయులలో ననేకులకు ఒక కథ జ్ఞప్తికి వచ్చును. దుహిత, అనగా కూతురు, పాలు పితుకునది అని. ఇంగ్లీషులో డాటర్, గ్రీకులో థుగాతేర్ అనునవి దీని తోబుట్టువులు గనుక, ఆర్యుల ఇంట పాలు పితుకు పని కూతునిది గనుక ఆమెకు ఆ పేరు వచ్చినదట. మాక్సు మ్యూలరు పండితుడు 1856లో ప్రకటించిన వ్యాసమున దీనిని ఎంతయో హృద్యముగా వర్ణించెను. తెల్లవారుజాము, పసుల కొట్టము, చేత పాలచెంబు పట్టిన కన్నెపిల్ల! ఎవరికి నచ్చదు? నచ్చుటయే దానికి వచ్చిన చిక్కు.

థుగాతేర్, డాటర్, దుహిత అనునవి తోబుట్టువులనుట నిస్సందేహము. సందేహమంతయు దుహ్ ధాతువుతో పెట్టిన ముడి మీదనే. సంస్కృతపు ఘ కారమునకు గ్రీకులో ఖ కారము రావలెను. దీర్ఘము అనుటకు గ్రీకులో దొలిఖోస్. లఘువు అనుటకు ఎలఖుస్. దుహ్ ధాతువు చివర నున్న హ కారము మూలమున ఘ కారమే. దుహిత ఆ ధాతువునుండి పుట్టియుండినచో గ్రీకు మాటలో ఖ కారము కనబడవలెను. కాని అక్కడ ఉన్నది గ కారము. ఇట్లు సంస్కృత హ కారమునకు గ్రీకు గ కారము జోడియగు మాటలు వేరొక చిన్న తెగ: అహమ్ అనుటకు ఎగో, మహత్తు అనుటకు మెగస్. దుహిత ఆ తెగలోనిది గాని దుహ్ తెగలోనిది కాదు.

ధ్వని వాదము రుచింపనివారు లోకవాదమైనను చూడుడు. హోమరు కావ్యమున ఒంటికంటి రాక్షసుడు పొలిఫేముడు తన గుహలో గొఱ్ఱెలను, మేకలను వరుసగా తానే పితుకును. అక్కడ వాడిన క్రియ అమెల్గోయే. వర్జిలు కావ్యమందును పితుకువారు గొల్లలే. మన దేశమున ఉపనిషత్తులను గోవులుగా భావించినవారు పితుకువానిగా చూపినది గోపాలనందనుని. పురాణములలో భూమిని గోవుగా చేసి పితికినవాడు పృథుచక్రవర్తి. కావున పితుకుట కూతుళ్ళ సొత్తని చెప్పుటకు సాహిత్యమునందును ఆధారము చాలదు. కూతురు అను మాటకు మూలార్థ మేమి అని విద్యార్థి అడిగినచో, అది మూలభాషలోనే కూతురు, అంతకు వెనుకకు పోవుటకు మెట్లు లేవు అని చెప్పుటయే సరియైన సమాధానము.

అందమైన కథ పోయెనే అని విచారింపవలదు. నిజమైన కథలు అంతకంటె అందమైనవి కలవు. సంస్కృతమున ధే అను ధాతువునకు చన్ను త్రాగుట అని అర్థము. ధేనువు అనగా దూడకు పాలిచ్చు ఆవు. ధాత్రి అనగా పాలిచ్చి పెంచు దాది. సంస్కృత ధ కారమునకు లాటినులో మాట మొదట ఫ కారము వచ్చును; ధూమము అనుటకు ఫూముస్ అందురు. ఆ నియమముచొప్పున ధే ధాతువునుండి లాటినులో పుట్టిన మాటలు ఫేమిన, అనగా స్త్రీ, ఆమె పాలిచ్చునది. ఫీలియుస్, అనగా కొడుకు, వాడు పాలు త్రాగువాడు. కూతురిని పాలు పితుకునదిగా చేసిన కథ కూలిపోయినను, కొడుకును చంటిబిడ్డగా చూచిన మాట నిలిచినది. మన ధేనువునకును రోములోని తల్లికిని పేరు ఒకే ధాతువునుండి వచ్చినది. ఈ కథకు సాక్ష్యమున్నది గనుక దీనిని నిర్భయముగా చెప్పవచ్చును.

ముల్గేరె ఇంటిపేరుతో తిరుగు మరి కొన్ని మాటలను పరిశీలింతము. ఎముల్గేరె అనగా పిండి వెలికి తీయుట. దానినుండి ఎమల్షను అను మాట వచ్చినది. బాదము గింజలను నూరి నీటిలో పిండగా వచ్చు తెల్లని పాలవంటి ద్రవమునకు ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టిరి. రసాయనశాస్త్రమున నేడు ఒకదానిలో ఒకటి కరగని రెండు ద్రవములలో ఒకటి సన్నని బిందువులుగా రెండవదానిలో తేలియుండుటకు ఆ పేరు. నీటిలో కొవ్వు బిందువులు తేలు పాలు కూడ ఎమల్షనే. పితుకుటనుండి బయలుదేరిన మాట తిరిగి పాలచెంబులోనికే వచ్చి చేరినది. గోడలకు వేయు రంగు డబ్బాపై ఈ మాట చదువు పిల్లవానికి ఇది చెప్పిచూడుడు. రసాయన పాఠమును, భాషాపాఠమును ఒక్కసారి నేర్చుకొనును.

జంతుశాస్త్రమున కాప్రిముల్గుస్ అను పక్షిజాతి కలదు. సంజవేళ నేలకు దగ్గరగా ఎగురుచు పురుగులను పట్టి తినును. దీని బంధువులు మన పొలములలోను, తోటలలోను ఉన్నవి. కాప్ర అనగా మేక. ఆ పేరున కర్థము మేకలను పితుకునది. రాత్రివేళ ఇది మేకల చన్నులు పీల్చునని అరిస్టాటిలు కాలమునుండియు జనులు నమ్మిరి. ప్లినీ దానిని తన ప్రకృతిచరిత్రలో వ్రాసిపెట్టెను. మందలచుట్టు ముసురు పురుగులకై వచ్చు పక్షి అది; నోరు మాత్రము వెడల్పు. 1758లో లిన్నేయసు దానికి శాస్త్రనామముగా ఆ పాత పేరునే స్థిరపఱచెను. మాట పుట్టుక నిజమైనను, మాట చెప్పునది అబద్ధము కావచ్చును. శబ్దము యొక్క చరిత్ర వేరు, వస్తువు యొక్క స్వభావము వేరు. మూలార్థమే అసలైన అర్థమని వాదించువారికి ఈ అమాయకపు పక్షి చాలును.

మరియొక మాట ప్రొముల్గారె. రోములో ఒక శాసనపు ముసాయిదాను జనులు ఓటు వేయుటకు ముందు బహిరంగముగా ప్రకటించి మూడు సంతల కాలము ఉంచెడివారు. ఆ ప్రకటనకు ఈ క్రియను వాడిరి. క్రీ.పూ. 98లో ఒక శాసనము ఆ గడువును తప్పనిసరి చేసినది. భారత రాజ్యాంగపు ఇంగ్లీషు పాఠమున 123వ అధికరణము రాష్ట్రపతికిని, 213వ అధికరణము గవర్నరుకును చట్టసభలు సమావేశములో లేనప్పుడు ఆర్డినెన్సులను జారీ చేయు అధికారము నిచ్చుచు ఈ లాటిను మాటయొక్క ఇంగ్లీషు రూపమునే వాడినది. రోమున చర్చకు గడువునిచ్చుటకు పుట్టిన మాట, నేడు సభ లేనప్పుడు చేయు జారీకి పేరైనది. పౌరశాస్త్ర ఉపాధ్యాయుడు తరగతిలో నిలిచి ఆలోచింపవలసిన మార్పు ఇది.

ఈ మాటలో ముల్గేరె ఉన్నదా? ఉన్నదని కొందరు: లోపలినుండి పిండి వెలుగులోనికి తెచ్చుట అని వారి వివరణ. లేదని మరికొందరు: వుల్గుస్, అనగా జనసమూహము, అను మాటయే ధ్వని మారి అట్లయినదని వారి వాదము, రోమను పండితులును అట్లే తలచిరి. రెండు వాదములకును బలముగల సాక్ష్యము లేదు. చట్టము పాలవలె పిండబడినది అని చెప్పినచో తరగతి నవ్వును, జ్ఞాపకము పెట్టుకొనును. కాని ఉపాధ్యాయుడు ఇది తేలని వ్యవహారము అని చెప్పియే ఆ నవ్వును పుట్టింపవలెను.

ముల్గేరె సంతానము ఏమైనది? ఇటలీవారు ముంజెరె అనియు, రుమేనియావారు ముల్జె అనియు, కటలానువారు మున్యిర్ అనియు దానిని నేటికిని వాడుచున్నారు. ఫ్రెంచివారు మాత్రము విడిచిపెట్టిరి. ఎందుకనగా ఫ్రెంచిలో ధ్వనులు అరిగిపోయి పితుకుట అను మాటయు, పిండి విసరుట అను మాటయు మూద్ర్ అను ఒకే రూపమునకు వచ్చినవి. పాడియు పిండిమరయు గల పల్లెలో ఆ గందరగోళము ఎంత ఇబ్బందియో ఊహింపుడు. చివరకు విసరుట ఆ మాటను దక్కించుకొనినది. పితుకుటకు లాగుట అను అర్థముగల త్రేర్ అను మాటను తెచ్చుకొనిరి. స్పెయినువారు వరుసలో పెట్టుట అను అర్థముగల మాటనుండి తమ క్రియను చేసికొనిరి. మనకును పిండి అను నామమును, పిండి అను క్రియారూపమును కలవు. మనము తడబడుట లేదు. ఒక భాషకు భారమైనది మరియొక భాషకు భారము కాకపోవచ్చును.

ఇక మన పితుకుట సంగతి. కొన్ని సీమలలో పాలు పితుకుదురు, కొన్నిటిలో పిండుదురు, మరికొన్నిటిలో తీయుదురు. పితుకు అను మాటకు మొదటి అర్థము వ్రేళ్ళతో నొక్కి వెలికి తీయుటయే. చిత్తూరు ప్రాంతమున అనపగింజలను నానబెట్టి, తొక్క నుండి నొక్కి తీసిన పప్పును పితికినపప్పు అందురు. సరిహద్దు దాటినచో కన్నడిగులు దానినే హిదుకిద బేళె అందురు. మన పాలు వారికి హాలు. మన పులి వారికి హులి. మన పువ్వు వారికి హూవు. కావున మన పితుకు వారికి హిదుకు. తమిళమునను పిదుక్కు అను క్రియ నొక్కి తీయుట అను అర్థమున నున్నది. గ్రిమ్ము పండితుని నియమము వలెనే ఇదియు ఒక నియమము. అది మన వంటింటిలోనే యున్నది.

సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా నగరమున సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెనని ప్రకటించెను. ముప్పది యేండ్ల తరువాత, 1816లో మద్రాసున ఎల్లిసు దొర, కేంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పరిచయములో, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడములతో కూడిన వేరొక కుటుంబములోనిదనియు ధాతువులను పోల్చి చూపెను. సంస్కృతమునుండి మనము దుగ్ధము, క్షీరము అను నామములను తెచ్చుకొంటిమి. పండితులు వానిని వాడిరి. కాని పొదుగు ముందు కూర్చున్నవాడు పాలు అనియే అనెను, పితుకుటనే చేసెను. కుటుంబమును చూపునవి ఎరువు తెచ్చుకొన్న ఆభరణములు కావు. ఇంట నిత్యము వాడు కత్తి, చెంబు, త్రాడు.

ఇంత శ్రమ ఎందులకు, పరీక్షలో ఇవి అడుగుదురా అని కొందరు అనవచ్చును. అడుగరు. కాని మన చుట్టును మాటల పేర జరుగుచున్న వ్యాపారమును చూడుడు. లోకములోని మాటలన్నియు సంస్కృతమునుండి పుట్టినవని ఒకరు; అన్నియు తెలుగునుండి, తమిళమునుండి పుట్టినవని మరియొకరు. ఊరి పేరును విరిచి ఒక పురాణమును, కులము పేరును విరిచి ఒక ఆధిక్యమును పుట్టించువారు వేరొకరు. వీరందరి ఆయుధము ఒక్కటే: చెవికి తోచిన పోలిక. కూతురు పాలు పితుకునది అను నిర్దోషమైన కథను పరీక్షింపకుండ నమ్మిన పిల్లవాడు, రేపు దోషముగల కథను పరీక్షింపగలడా? శబ్దవ్యుత్పత్తి పాఠము నిజమునకు సాక్ష్యము అడుగుటను నేర్పు పాఠము కావలెను. అది నేర్పనిచో ఆ పాఠము లేకపోయినను నష్టము లేదు.

ఉపాధ్యాయులకు నా మనవి మూడు మాటలు. మొదటిది, ఏ రెండు మాటలనైనను చుట్టములని చెప్పునప్పుడు అదే మార్పు గల మరి మూడు జతలను చూపుడు. చూపలేనప్పుడు ఆ జతను నల్లబల్లపై వ్రాయకుడు. రెండవది, తేలని వ్యుత్పత్తిని తేలనిదిగానే చెప్పుడు. పిల్లలు దానిని తక్కువగా చూడరు, తేల్చవలెనని ఉత్సాహపడుదురు. మూడవది, దూరదేశపు ధాతువులతో ఆరంభించినను పిల్లలను వారి ఇంటికే పంపుడు. అవ్వ పితుకు అనునో, పిండు అనునో వ్రాసికొని రమ్మనుడు. పక్క ఊరి పిల్లవాడు వేరుమాట తెచ్చినచో దానిని దిద్దకుడు, ప్రక్కన వ్రాయుడు. చేపు, పొదుగు, జున్ను, గుమ్మపాలు మొదలగు మాటలు కొట్టముతో పాటు కనుమరుగగుచున్నవి. ఒక తరగతి ఒక నెలలో వ్రాసికొన్న పట్టిక ఒక చిన్న నిఘంటువు కాగలదు.

మన భాషలో పాడి అనగా పాలిచ్చు పశుసంపద. పాడి అనగా న్యాయము కూడ. ధర్మమును పితికి పంచునదే న్యాయమని చెప్పి ఈ వ్యాసమును ముగించినచో ఎంత సొంపుగా నుండును! కాని ఆ రెండు పాడులును ఒకటే మాటయని చెప్పుటకు నా చేతిలో సాక్ష్యము లేదు. లేనప్పుడు చెప్పుట పాడి కాదు.